సర్క్యూట్ పటంలో లేని భాగాలు: ట్యూబ్ యాంప్లిఫైయర్ అమరికపై ప్రసంగం

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది ఒకటో రెండో యాంప్లిఫైయర్లు కట్టినవారే. కాబట్టి ట్యూబు ఎలా పనిచేస్తుందో చెప్పి మీ సమయం తినను. ఒకే పటం, ఒకే ట్యూబులు, ఒకే ట్రాన్స్‌ఫార్మర్లు ఇద్దరి చేతికి ఇచ్చి చూడండి. ఒకరి యాంప్లిఫైయర్ స్పీకరుకు చెవి ఆనిస్తే తప్ప వినబడదు. రెండోవారిది ట్యూబుల్లోని హీటర్లు వేడెక్కగానే గుంయ్‌మని మొదలుపెడుతుంది. వాల్యూమ్ పెంచితే ఈల కూడా వేస్తుంది. పటం తప్పు కాదు, భాగాలు పాడైనవీ కావు. తేడా దూరాల్లో ఉంది.

పటంలో రెండు గీతల మధ్య ఖాళీకి అర్థం లేదు. ఛాసిస్‌లో, అంటే భాగాలన్నీ బిగించే లోహపు పెట్టెలో, రెండు తీగల మధ్య ఖాళీ ఒక చిన్న కెపాసిటర్. పటంలో గ్రౌండ్ గుర్తు ఎక్కడ గీసినా ఒకటే. ఛాసిస్‌లో ఆ గ్రౌండ్లను కలిపే తీగకు కొన్ని మిల్లీఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. పటంలో ట్రాన్స్‌ఫార్మర్ తన మూల తాను కూర్చుంటుంది. ఛాసిస్ మీద దాని అయస్కాంత క్షేత్రం చుట్టుపక్కల ఉన్న ప్రతి కాయిల్‌లోకీ చొరబడుతుంది. పటం గీసినవారు ఈ భాగాలను గీయలేదు, గీయలేరు కూడా. వాటి విలువలు నిర్ణయించేది ఛాసిస్‌కు రంధ్రాలు వేసేవారు. డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాక ఆలోచిస్తే ఆలస్యమవుతుంది. అందుకే ఈ మాటలన్నీ డ్రిల్లుకు ముందు సంగతులు.

ముందుగా చెవికి పని చెబుదాం. రొద అంతా ఒకటే రొద కాదు. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట హీటర్ తీగల నుంచి వచ్చేది 50 హెర్ట్జ్ రొద, మెత్తగా, లోతుగా ఉంటుంది. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం నుంచి వచ్చేదీ ప్రధానంగా 50 హెర్ట్జే. ఏసీని డీసీగా మార్చే ఫుల్‌వేవ్ రెక్టిఫైయర్ తర్వాత మిగిలే అలలు మాత్రం 100 హెర్ట్జ్, అంటే సరిగ్గా ఒక అష్టకం పైన. గ్రౌండ్ తీగల్లో రెక్టిఫైయర్ కరెంటు దూరితే 100 హెర్ట్జ్‌తో పాటు దాని పై గుణిజాలు కూడా వస్తాయి కాబట్టి అది గరగరగా, కందిరీగ రెక్కల్లా వినబడుతుంది. 60 హెర్ట్జ్ దేశాల్లో ఇవి 60, 120 అవుతాయి, అంతే తేడా. స్వరం పోల్చుకోగలిగితే, ఆ అలలను చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్ విలువ పెంచుకుంటూ పోవడమనే వృథా శ్రమ తప్పుతుంది. 50 హెర్ట్జ్ రొదకు ఫిల్టర్ కెపాసిటర్ ఎంత పెంచినా లాభం లేదు. అయినా అందరూ మొదట చేసేది అదే!

ఇప్పుడు ఆ కనిపించని కెపాసిటర్ సంగతి. దాని విలువ 1 పికోఫారడ్ అనుకుందాం. రెండు తీగలు కొన్ని సెంటీమీటర్లు పక్కపక్కన నడిస్తే చాలు, అంత వచ్చేస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర 1 పికోఫారడ్ రియాక్టెన్స్, అంటే ఏసీకి అది చూపే అడ్డు, దాదాపు 3,200 మెగాఓమ్‌లు. వినడానికి బ్రహ్మాండమైన అడ్డుగోడలా ఉంది. కానీ అవతల ఉన్నది గ్రిడ్, అంటే సంకేతం ట్యూబులోకి ప్రవేశించే బిందువు. మొదటి ట్యూబు గ్రిడ్ నుంచి గ్రౌండ్‌కు 1 మెగాఓమ్ రెసిస్టర్ పెట్టడం మామూలే. ఇన్‌పుట్ జాక్‌లో ఏమీ గుచ్చలేదనుకోండి. 6.3 వోల్టుల హీటర్ తీగ ఆ 1 పికోఫారడ్ గుండా ఆ గ్రిడ్‌కు దాదాపు 2 మిల్లీవోల్టులు పంపుతుంది. గ్రిడ్ మీదకు వచ్చే అసలు సంకేతం 50 మిల్లీవోల్టులైతే, రొద దానికంటే 28 డెసిబెల్సే కింద ఉన్నట్టు. ఆ తర్వాతి దశలన్నీ రెండింటినీ సమానంగా పెంచుతాయి.

ఇందులోనే రెండు ఉపాయాలు ఉన్నాయి. మొదటిది, ఏమీ గుచ్చనప్పుడు గ్రిడ్‌ను గ్రౌండ్‌కు కలిపేసే స్విచ్ ఉన్న జాక్ వాడటం. రెండోది అమరికకు సంబంధించినది. ఛాసిస్‌లో ప్రమాదం అన్ని తీగలకూ సమానం కాదు. ఇంపిడెన్స్, అంటే ఏసీకి మొత్తం అడ్డు, ఎక్కువగా ఉన్న బిందువులే ఇలాంటి చొరబాటుకు లొంగుతాయి. కేథోడ్ (ట్యూబులో ఎలక్ట్రాన్లు వెలువడే చోటు) తీగ మూరెడు పొడవున్నా పెద్దగా నష్టం లేదు, గ్రిడ్ తీగ రెండంగుళాలు ఎక్కువైనా వినబడుతుంది. కాబట్టి పటం తీసుకుని, ఎర్ర పెన్సిలుతో గ్రిడ్ బిందువులన్నింటినీ గుర్తు పెట్టండి. వోల్టేజీ ఎక్కువగా ఊగే బిందువులను, అంటే ప్లేట్లు (పెరిగిన సంకేతం ట్యూబు నుంచి బయటికి వచ్చే చోట్లు), ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తీగలు, హీటర్లు, మెయిన్స్ తీగలను నీలి పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఎరుపు దగ్గరకు నీలం రాకుండా చూడటమే అమరికలో సగం పని.

మిగతా ఎరుపు ఒక ఎత్తు, మొదటి ట్యూబు ఒక్కటీ ఒక ఎత్తు. 12ఏఎక్స్7 తీసుకుందాం. 1947లో అమెరికా కంపెనీ ఆర్‌సీఏ తెచ్చిన ఈ ట్యూబు యూరప్‌లో ఈసీసీ83గా పేరుపొందింది, ఇప్పటికీ కర్మాగారాల్లో తయారవుతూనే ఉంది. మామూలు విలువలతో ఒక్కో దశ సుమారు 60 రెట్లు పెంచుతుంది. ఈ గాజుబుడ్డిలో రెండు ట్రయోడ్‌లు, అంటే విడివిడిగా సంకేతాన్ని పెంచగల రెండు ట్యూబులు, ఉన్నాయి కాబట్టి రెండూ వరసగా వాడితే 3,600 రెట్లు. ఒక్కో దశ సంకేతాన్ని తలకిందులు చేస్తుంది, రెండు సార్లు తలకిందులైతే మొదటిలాగే నిలబడుతుంది. అంటే రెండో ప్లేటు మీద ఉన్నది మొదటి గ్రిడ్ మీద ఉన్నదే, 3,600 రెట్లు పెద్దదిగా, అదే దిశలో. ఆ ప్లేటు తీగకూ మొదటి గ్రిడ్ తీగకూ మధ్య 1 పికోఫారడ్ ఉంటే? 10 కిలోహెర్ట్జ్ దగ్గర అది 16 మెగాఓమ్‌లు. గ్రిడ్ వైపు ఇంపిడెన్స్ 50 కిలోఓమ్‌లనుకుంటే, ప్లేటు వోల్టేజీలో దాదాపు 320వ వంతు వెనక్కి వస్తుంది. 3,600ను 320తో భాగించండి. 11కు పైనే. ఒకటి దాటితేనే డోలనం, అంటే యాంప్లిఫైయర్ తనంతట తానే మోగడం, మొదలవుతుంది, ఇది పదకొండు. ఆ యాంప్లిఫైయర్ ఈల వేయకపోతేనే ఆశ్చర్యపడాలి.

ఈల వినబడితే ఒకరకంగా అదృష్టమే, రోగం తెలిసిపోతుంది. వినికిడికి పైన, ఏ 50 కిలోహెర్ట్జ్ దగ్గరో డోలనం జరుగుతుంటే చెవికేమీ తెలియదు. పాట మాత్రం నలిగినట్టు వినబడుతుంది, పవర్ ట్యూబుల ప్లేట్లు కారణం లేకుండా ఎర్రబారుతాయి. అప్పుడు మనవాళ్లు ట్యూబులు మార్చడం మొదలుపెడతారు, ఖరీదైనవి కూడా తెప్పిస్తారు. ఆసిలోస్కోప్ ఉన్నవారికి నిమిషంలో తేలే సంగతి ఇది.

కాబట్టి సాకెట్ దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలి. 12ఏఎక్స్7 సాకెట్‌ను కింద నుంచి చూస్తే 1, 6 ప్లేట్లు, 2, 7 గ్రిడ్లు, 3, 8 కేథోడ్లు, 4, 5, 9 హీటరు పిన్నులు. సాకెట్ ఎటు తిప్పి బిగించాలన్నది అందానికి సంబంధించిన విషయం కాదు. గ్రిడ్ పిన్నులు సంకేతం వచ్చే వైపుకు, ప్లేటు పిన్నులు సంకేతం వెళ్లే వైపుకు, హీటరు పిన్నులు ఛాసిస్ అంచు వైపుకు చూడాలి. మూడూ ఒకేసారి కుదరవు, ఒకే ట్యూబులో రెండు ట్రయోడ్‌లున్నప్పుడు అసలే కుదరవు. అప్పుడు మొదటి గ్రిడ్‌కే ప్రాధాన్యం ఇవ్వండి. పెంచడానికి దాని తర్వాత అన్ని దశలూ మిగిలి ఉన్నాయి కాబట్టి అక్కడి తప్పే అన్నిటికంటే పెద్దగా వినబడుతుంది.

గ్రిడ్ స్టాపర్ రెసిస్టర్ గురించి ఒక మాట. 68 కిలోఓమ్‌ల రెసిస్టర్, ట్యూబు లోపలి కెపాసిటెన్స్ కలిసి రేడియో తరంగాలను బయటే ఆపుతాయి. 12ఏఎక్స్7లో ప్లేటుకూ గ్రిడ్‌కూ మధ్య ఉన్నది 1.6 పికోఫారడ్లే. కానీ దశ పెంచే రెట్లతో అది గుణించబడి సుమారు 100 పికోఫారడ్లుగా కనిపిస్తుంది. ఆ రెండూ కలిస్తే 23 కిలోహెర్ట్జ్ పైన కోత పడుతుంది. పటంలో ఆ రెసిస్టర్ జాక్ దగ్గర గీసినా, గ్రిడ్ దగ్గర గీసినా ఒకటే. నిజంలో అది సాకెట్ పిన్ను మీదే ఉండాలి. రెసిస్టర్ ఒంటికీ పిన్నుకూ మధ్య తీగ కొన్ని మిల్లీమీటర్లు మించకూడదు. జాక్ దగ్గర పెట్టి అక్కడి నుంచి 15 సెంటీమీటర్ల తీగ లాగితే, ఆ తీగే ఏరియల్ అవుతుంది, రెసిస్టర్ దాని వెనక ఉండిపోతుంది. పవర్ ట్యూబుల గ్రిడ్ స్టాపర్లకూ ఇదే నియమం. ఈఎల్34 అయితే 5వ పిన్ను మీద.

అలాగే ఒక దశ నుంచి తర్వాతి దశకు సంకేతాన్ని దాటించే కప్లింగ్ కెపాసిటర్లు. రేకు చుట్టిన కెపాసిటర్‌లో ఒక రేకు బయటికి, ఒకటి లోపలికి ఉంటుంది. బయటి రేకు ఏ కాలికి కలిసిందో ఆ కాలిని ముందు దశ ప్లేటుకు కలపండి, గ్రిడ్ వైపు కాదు. ప్లేటు ఇంపిడెన్స్ తక్కువ కాబట్టి ఆ రేకు లోపలి దానికి కొంత షీల్డుగా పనికొస్తుంది. కొన్ని పాత కెపాసిటర్ల మీద బయటి రేకు వైపు ఒక పట్టీ గుర్తు ఉండేది. ఇప్పటివాటి మీద గీతలు ఉన్నా నమ్మడానికి లేదు. స్కోపు ప్రోబుకు కలిపి, కెపాసిటర్‌ను వేళ్లతో పట్టుకుని, కాళ్లు మార్చి చూడండి. రొద తక్కువ కనిపించినప్పుడు స్కోపు గ్రౌండ్‌కు కలిసి ఉన్న కాలే బయటి రేకుది.

ఇక్కడ ముందు వరసలో ఒకరు అడుగుతున్నారు: "ఇంత బాధ ఎందుకండీ, గ్రిడ్ తీగలన్నీ షీల్డ్ వైరుతో లాగేస్తే సరిపోదా?"

కొన్నిచోట్ల సరిపోతుంది, అన్నిచోట్లా కాదు. మామూలు షీల్డ్ వైరుకు మీటరుకు 100 పికోఫారడ్ల చొప్పున కెపాసిటెన్స్ ఉంటుందనుకోండి. 1 మెగాఓమ్ వాల్యూమ్ కంట్రోల్ విద్యుత్‌పరంగా మధ్యలో ఉన్నప్పుడు దాని మధ్య కాలు దగ్గర కనిపించే ఇంపిడెన్స్ 250 కిలోఓమ్‌లు. తర్వాతి ట్యూబు తానే 100 పికోఫారడ్లు మోపుతోంది, దాంతోనే 6.4 కిలోహెర్ట్జ్ దగ్గర కోత పడుతోంది. దానికి అర మీటరు షీల్డ్ వైరు తగిలిస్తే ఇంకో 50 పికోఫారడ్లు కలిసి కోత 4.2 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది. రొద తగ్గింది సరే, తాళాల మోత కూడా తగ్గిపోయింది. పొడవైన షీల్డ్ వైరు అవసరమైందంటే, చాలాసార్లు భాగం ఉండకూడని చోట ఉందని అర్థం. వాల్యూమ్ కంట్రోల్ ముందు పలక మీదే కనబడాలి గానీ ముందు పలక మీదే ఉండనక్కర్లేదు. ట్యూబు పక్కనే బిగించి, పొడవాటి ఇరుసుతో గుండీని ముందుకు తేవచ్చు. నాకు ఈ పద్ధతి చాలా ఇష్టం. పనితనం బయటికి కనబడదు, వినబడుతుంది. ఒకవేళ షీల్డ్ వైరు వేస్తే దాని అల్లికను ఒక కొననే గ్రౌండ్‌కు కలపండి. రెండో కొనను కత్తిరించి స్లీవ్ తొడగండి. రెండు కొనలూ కలిపితే ఆ అల్లిక గుండా గ్రౌండ్ కరెంటు ప్రవహిస్తుంది, ఆ సంగతికి వస్తున్నాను.

అంతకుముందు ట్రాన్స్‌ఫార్మర్లు. బరువైనవి, ఖరీదైనవి, ఒకసారి బిగించాక కదలనివి ఇవే. కాబట్టి మొదట చోటు చూడాల్సింది వీటికే.

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఛాసిస్‌కు ఒక చివర, మొదటి ట్యూబు రెండో చివర. దీని మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వస్తుంది. దాన్ని మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, అంటే ఇన్‌పుట్ వైపుకు జరపాలని కొందరు, పవర్ ట్యూబుల పక్కనే ఉంచాలని కొందరు. నేను రెండోవారి పక్షం. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి దూరిన రొద అక్కడి నుంచి నేరుగా స్పీకరుకే పోతుంది, దాన్ని పెంచేవారెవరూ లేరు. అదే ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇన్‌పుట్ ట్యూబు పక్కకు తెస్తే, ప్రైమరీ తీగల మీద ఊగే వందల వోల్టులు కొన్ని వేల రెట్లు పెంచే గ్రిడ్ ముంగిటకు వచ్చినట్టు. కొంచెం రొదను తప్పించుకోబోయి డోలనాన్ని పిలిచినట్టవుతుంది.

రొద సంగతి దిశతో తేల్చుకోవచ్చు. రెండు ట్రాన్స్‌ఫార్మర్ల కాయిల్ అక్షాలు లంబకోణంలో ఉంటే ఒకదాని క్షేత్రం రెండోదాని చుట్లలో తక్కువ వోల్టేజీ పుట్టిస్తుంది. అలలను తగ్గించే కాయిల్ అయిన ఫిల్టర్ చోక్‌నూ లెక్కలోకి తీసుకోండి. ముఖ్యంగా రెక్టిఫైయర్ తర్వాత కెపాసిటర్ లేకుండా నేరుగా చోక్ వచ్చే పద్ధతిలో దాని మీద పెద్ద అలల వోల్టేజీ పడుతుంది, అది మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌తో పోటీపడి క్షేత్రాన్ని వెదజల్లుతుంది. మూడు ఇనుప దిమ్మెలు, మూడు అక్షాలు. అయితే లంబకోణం అనేది మొదటి అంచనా మాత్రమే. ఛాసిస్ ఇనుము క్షేత్రాన్ని వంచుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కోర్ కూడా ఆదర్శంగా ఉండదు. చెవితో తేల్చుకోవాల్సిందే.

పద్ధతి ఇది. ఛాసిస్‌కు రంధ్రాలు వేయకముందు, ఖాళీ ఛాసిస్ మీద మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌ను అనుకున్నచోట పెట్టండి. దాని సెకండరీ తీగల కొనలన్నింటినీ విడివిడిగా ఇన్సులేషన్‌తో మూసేయండి. వాటి మీద వందల వోల్టులు ఉంటాయి, ఒక్క కొన మరిచిపోయినా ప్రాణం మీదకు వస్తుంది. ఛాసిస్‌కు ఎర్త్ కలపండి, ఫ్యూజ్ ద్వారా ప్రైమరీకి కరెంటు ఇవ్వండి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి హెడ్‌ఫోన్ తగిలించి, ట్రాన్స్‌ఫార్మర్‌ను ఛాసిస్ మీద మెల్లగా జరపండి, తిప్పండి. రొద పెరుగుతూ, తగ్గుతూ, ఒకచోట దాదాపు మాయమవుతుంది. కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయితే మళ్లీ వస్తుంది. ఆ చోటు దొరికాక పెన్సిలుతో చుట్టూ గీత గీయండి. హెడ్‌ఫోన్ బదులు మిల్లీవోల్టులు చూపే ఏసీ మీటరు పెట్టుకున్నా సరే. చెవికి మాత్రం 50 హెర్ట్జ్ ఎక్కడ పోయి గుణిజాలు ఎక్కడ మిగిలాయో కూడా తెలుస్తుంది.

దూరం కూడా మన పక్షమే. కొంచెం ఎడం వచ్చాక క్షేత్రం దూరం ఘనంతో తగ్గుతుంది, అంటే దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతు. చివరి మూడు సెంటీమీటర్లు జరపడం కంటే మొదటి మూడు సెంటీమీటర్లు జరపడంలో లాభం చాలా ఎక్కువ.

ఛాసిస్ అల్యూమినియమా, ఉక్కా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. విద్యుత్ క్షేత్రాన్ని ఆపడానికి రెండూ సమానమే. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రానికి అల్యూమినియం దాదాపు అడ్డే కాదు. ఉక్కు కొంత ఆపుతుంది, కానీ అది క్షేత్రాన్ని మోసుకుపోతుంది కూడా. రంధ్రంలోకి దించి బిగించే ట్రాన్స్‌ఫార్మర్లలో కోర్ రేకులు ఉక్కు ఛాసిస్‌ను తాకితే, అయస్కాంత అభివాహం కొంత ఛాసిస్ రేకు గుండా రెండో చివరి దాకా ప్రయాణిస్తుంది. మధ్యలో కొన్ని మిల్లీమీటర్ల అయస్కాంతం కాని అడ్డం పెట్టి బిగిస్తే తేడా తెలుస్తుంది. పని చేయడానికి అల్యూమినియం సుఖం. ట్రాన్స్‌ఫార్మర్లను ఎడంగా పెట్టుకునే స్థలం ఉంటే నేను అదే ఎంచుకుంటాను.

స్థలమే లేకపోతే? పాతవారు దానికీ దారి చూపించారు. 1953లో వచ్చిన క్వాడ్ 2 అనే యాంప్లిఫైయర్ సెట్‌లో పవర్ యాంప్లిఫైయర్లు వేరు, ప్రీయాంప్లిఫైయర్ వేరు. ప్రీయాంప్లిఫైయర్‌కు కావలసిన విద్యుత్తు కేబుల్ ద్వారా వస్తుంది. సున్నితమైన దశల దగ్గర మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరే లేదు. గ్రామఫోన్ ప్లేయరు దశ ఉన్న యాంప్లిఫైయర్ కట్టేవారికి ఇప్పటికీ నేనిచ్చే సలహా ఇదే.

ఇక గ్రౌండ్. ఇక్కడ కొంచెం నిదానంగా వెళదాం, ఎందుకంటే ఎక్కువ యాంప్లిఫైయర్లు గరగరలాడేది ఇక్కడే.

గ్రౌండ్ అంటే సున్నా వోల్టులన్నది పటం చెప్పే మాట. 0.64 మిల్లీమీటర్ల మందం గల రాగి తీగ 20 సెంటీమీటర్లు తీసుకుంటే దాని రెసిస్టెన్స్ సుమారు 10 మిల్లీఓమ్‌లు. దాని గుండా 1 యాంపియర్ పోతే రెండు కొనల మధ్య 10 మిల్లీవోల్టులు. మన యాంప్లిఫైయర్ వాడేదే 150 మిల్లీయాంపియర్లు, 1 యాంపియర్ ఎక్కడిదంటారా? రెక్టిఫైయర్ తర్వాతి మొదటి కెపాసిటర్ రోజంతా తీరిగ్గా నిండదు. ప్రతి అర్ధచక్రంలో వోల్టేజీ శిఖరం దగ్గర ఉన్న కొద్ది క్షణాల్లోనే అది నిండాలి. సెకనుకు వందసార్లు, సూదిమొనల్లాంటి తాకిడులు. ఆ తాకిడిలో శిఖర కరెంటు సగటు కరెంటుకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ తీగ ముక్కనే మొదటి ట్యూబు కేథోడ్ రెసిస్టరు కూడా గ్రౌండ్‌గా వాడుకుంటే, ఆ 10 మిల్లీవోల్టులు నేరుగా సంకేతంతో కలిసిపోతాయి. ఒకే గొట్టం మీద రెండు అంతస్తులకు నీళ్లు పెడితే, కింద కొళాయి తిప్పినప్పుడల్లా పైన ధార సన్నబడటం లాంటిదే ఇది.

అందుకని నియమం: మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ హై వోల్టేజీ సెంటర్ ట్యాప్ (చుట్ల మధ్య నుంచి తీసిన) తీగ నేరుగా మొదటి కెపాసిటర్ మైనస్ కాలికే రావాలి. ఛాసిస్‌కు కాదు, గ్రౌండ్లన్నీ కలిసే స్టార్ బిందువుకూ కాదు. తాకిడి కరెంటు ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫైయర్, కెపాసిటర్ అనే చిన్న చట్రంలోనే తిరిగి అక్కడే ముగియాలి. ఆ కెపాసిటర్ మైనస్ నుంచి వేరే తీగ బయలుదేరి మిగతా గ్రౌండ్‌ను చేరుతుంది. అందులో నడిచేది ప్రశాంతమైన కరెంటు.

మిగతా దశలకు కూడా అదే తర్కం. ప్రతి దశకూ తన ఫిల్టర్ కెపాసిటర్ ఉంటుంది కదా. ఆ దశ కేథోడ్, గ్రిడ్ రెసిస్టర్ గ్రౌండ్లు ఆ కెపాసిటర్ మైనస్ దగ్గరే కలవాలి. అందుకే ఫిల్టర్ కెపాసిటర్లన్నీ ఒకే డబ్బాలో, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన గుంపుగా పెట్టడం నాకు నచ్చదు. చూడటానికి పొందికగా ఉంటుంది, కరెంటు మాత్రం ఛాసిస్ పొడవునా తిరిగి రావాలి. మొదటి దశ కెపాసిటర్‌ను మొదటి ట్యూబు పక్కనే పెట్టండి. ఈ చిన్న గుంపులను వరసగా, ఇన్‌పుట్ నుంచి పవర్ సప్లై వైపుకు ఒక గ్రౌండ్ తీగతో కలపండి. ఛాసిస్‌కు ఈ తీగ ఒక్కచోటే కలవాలి. ఎక్కడన్నది వాదన. రేడియో తరంగాల బెడద ఉన్నచోట ఇన్‌పుట్ జాక్ దగ్గర కలపడం మేలు. జాక్‌లు ఛాసిస్‌ను తాకకుండా ప్లాస్టిక్ వాషర్లు వేయాలి. లేకపోతే మీరు గీసిన గ్రౌండ్ ప్రణాళిక ఒకటి, జాక్ నట్టు బిగించినప్పుడు తయారైన ప్రణాళిక మరొకటి.

మెయిన్స్ ఎర్త్ వేరే విషయం. అది ప్రాణరక్షణ కోసం. మెయిన్స్ తీగ లోపలికి వచ్చిన చోటే, దానికంటూ ప్రత్యేకమైన బోల్టుతో ఛాసిస్‌కు గట్టిగా బిగించాలి. ట్రాన్స్‌ఫార్మర్ బిగించిన బోల్టునే దీనికీ వాడకండి. రొద తగ్గుతుందని ఎర్త్ తీగ ఊడదీయమని చెప్పేవారు తగులుతారు. నమస్కారం పెట్టి పక్కకు తప్పుకోండి.

హీటర్ తీగలు మొట్టమొదట వేయాలి, మిగతా తీగలేవీ లేనప్పుడు. రెండు తీగలను బిగుతుగా మెలిపెట్టి, ఛాసిస్ మూలలో, లోహానికి ఆనించి నడిపించండి. రెండు తీగల్లో కరెంటు ఎదురెదురుగా పోతుంది కాబట్టి మెలికలో క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. సాకెట్ దగ్గర మెలిక విప్పే భాగం ఎంత చిన్నదైతే అంత మంచిది. చాలామంది ఛాసిస్ అంతా అందంగా మెలిపెట్టి, సాకెట్ దగ్గరకొచ్చేసరికి రెండు తీగలనూ విడదీసి గ్రిడ్ పిన్నుకు అటొకటి ఇటొకటి తిప్పుతారు. మెలిక అవసరమైంది అక్కడే కదా! ఒక్కో 12ఏఎక్స్7 హీటర్ 0.3 యాంపియర్లు తీసుకుంటుంది, ఒక్కో ఈఎల్34 1.5 యాంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ముందు పవర్ ట్యూబులకు, తర్వాత చివరగా మొదటి ట్యూబుకు వెళ్లేలా వేస్తే పెద్ద కరెంటు సున్నితమైన వైపుకు రాదు. హీటర్ వైండింగుకు సెంటర్ ట్యాప్ లేకపోతే రెండు 100 ఓమ్‌ల రెసిస్టర్లతో కృత్రిమంగా చేసుకోండి. ఆ బిందువును గ్రౌండ్‌కు బదులు 40 వోల్టుల డీసీకి కలిపితే హీటరు నుంచి కేథోడ్‌కు లీకయ్యే రొద కూడా తగ్గుతుంది.

జీజెడ్34 లాంటి రెక్టిఫైయర్ ట్యూబు వాడేవారికి ఒక హెచ్చరిక. దాని 5 వోల్టుల హీటర్ తీగలను మామూలు హీటర్ తీగలతో కలిపి కట్టకండి. దాని కేథోడ్ హీటరుకే కలిసి ఉంటుంది కాబట్టి ఆ తీగలు పూర్తి హై వోల్టేజీ మీద ఉంటాయి, అలలతో సహా.

మెయిన్స్ స్విచ్ గురించి క్లుప్తంగా: వెనక పెట్టండి. పాత రేడియోల్లో వాల్యూమ్ కంట్రోల్ వెనకే మెయిన్స్ స్విచ్ ఉండేది, గుండీ ఒకటి కలిసివచ్చేది. కలిసివచ్చిన ఆ గుండీ కోసం 230 వోల్టుల తీగలు గ్రిడ్‌కు వెళ్లే భాగం ఒంటి మీదే తిరిగేవి.

వేడి కూడా అమరికలో భాగమే. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుంది. పవర్ ట్యూబుకు ఆనుకుని దాన్ని నిలబెట్టకండి.

కట్టడం అయిపోయి, రొద వస్తే ఎక్కడ వెతకాలి? వాల్యూమ్ సున్నాకు తిప్పండి. రొద మారకపోతే అది వాల్యూమ్ కంట్రోల్ తర్వాతే పుడుతోంది. తర్వాత ఇన్‌పుట్ వైపు నుంచి ఒక్కో ట్యూబు తీస్తూ రండి. ఏ ట్యూబు తీస్తే ఆగిందో దోషం ఆ ట్యూబు దశలోనే ఉంది, దాని ముందువారూ తర్వాతివారూ నిర్దోషులు. ఆ చోట ఎండిన వెదురు పుల్లతో తీగలను ఒక్కొక్కటీ కొద్దిగా కదపండి, రొద మారే తీగే దొంగ. ఒక చేయి జేబులో ఉంచుకోండి. కరెంటు తీసేశాక కూడా కెపాసిటర్లలో 400 వోల్టులు నిలిచి ఉండవచ్చు. రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరుతో చూసి, అప్పుడే చేయి పెట్టండి.

చివరి ప్రశ్న వెనక నుంచి వచ్చింది: "టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్ వాడితే ఈ దిశల గొడవ ఉండదు కదా?"

తగ్గుతుంది, పోదు. గారెలా గుండ్రంగా ఉండే టొరాయిడ్ కోర్‌లో గాలి సందు లేదు కాబట్టి బయటికి వచ్చే క్షేత్రం తక్కువ. తీగలు బయటికి వచ్చే చోట చుట్ల సమానత్వం చెడి, ఆ వైపు క్షేత్రం కొంచెం ఎక్కువగా ఉంటుంది. కాబట్టి హెడ్‌ఫోన్ పెట్టుకుని దాన్ని కూడా బోల్టు చుట్టూ తిప్పి చూడండి. తీగల వైపు ఇన్‌పుట్‌కు ఎదురుగా ఉండకూడదు. ఇంకొక సంగతి, ఇది రొద కంటే ముఖ్యం. మధ్యలోంచి పోయే బోల్టు కింద ఛాసిస్‌కు బిగిసి ఉంటుంది. పైన మూత కూడా లోహమే అయి, బోల్టు తల దానికి తగిలితే, బోల్టు, మూత, ఛాసిస్ కలిసి కోర్ చుట్టూ ఒక పూర్తి చుట్టు అవుతాయి. షార్టయిన చుట్టు. అందులో వందల యాంపియర్లు తిరిగి ట్రాన్స్‌ఫార్మర్ నిమిషాల్లో మాడిపోవచ్చు, ఫ్యూజ్ ముందే పోతే అది మీ అదృష్టం. మూతకూ బోల్టు తలకూ మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ వదలండి, ఛాసిస్ లోతు కొలిచేటప్పుడే దాన్ని లెక్కలో వేసుకోండి.